చర్చి వెనుక గోడ

ఆషాఢమాసపు ప్రాతఃకాలమున మేఘమాలికాచ్ఛన్నమైన యాకాశము క్రింద గోదావరి కాలువ నీరు పడమటిగాలికి కలగి మ్రోయుచుండగా ఆదివారపు తొలిగంట మ్రోగెను. పదునొకండేండ్లుగా ఆ గంట వినినప్పుడెల్ల సంఘపెద్ద దేవదానముగారి మనసున నొక సంశయము ముల్లువలె కదలుచుండెను. బలిపీఠము వెనుకనున్న రంగుటద్దమును పగులగొట్టినది నిజముగా సువార్తమ్మయేనా? అది పగిలిననాడు బూజుకర్రతో నచట నున్నది ఆమె యొక్కతెయే. తన కర్ర తగులలేదని ఆమె బైబిలుపై ప్రమాణము చేయగా అది అబద్ధప్రమాణమని తీర్పు చెప్పి తప్పొప్పుకొనువరకు ప్రభుభోజనపు రొట్టెకు రారాదని కట్టడిచేసినవారు ఆయనయే. ఆమె ఒప్పుకొనలేదు. నాటినుండి ఆ రొట్టె పంచు ప్రతి సంస్కారపు ఆదివారమును గుమ్మము వెలుపలి మెట్టుమీదనే గడపుచుండెను.

నేడును సంస్కారపు ఆదివారమే. డ్రాయింగు మాస్టారు ఎలీషా తాను నీటిరంగులతో చిత్రించిన చర్చిపటమును కానుకగా తెచ్చి వాకిట బల్లపై నిలిపెను.

"ఇదేం చోద్యం మాస్టారూ! ముందర గంటగోపురం ఉండగా ఎనక్కెళ్లి గీశారేంటి?" అని యొకామె నవ్వెను.

"ఎవరూ చూడని వైపు కదండీ. కాలవ అవతలి గట్టున కూచుని గీశానండి."

సున్నపుగోడ తెలుపునకై రంగు పూయక కాగితమునే విడిచిన నేర్పునకును, మబ్బుల నీలిమ తడితడిగా కాలువలోనికి జారిన సొగసునకును దేవదానముగారు ముగ్ధులైరి. కాని బలిపీఠము వెనుకటి కిటికీ యద్దమున కడ్డముగా గోధుమవన్నె గీత యొకటి కనబడెను.

"ఈ మరకొక్కటీ తుడిచేస్తే సరి" అని ఆయన తడిపిన కండువాకొనతో చేయి చాచిరి.

"ఆగండి, ఆగండి! మరక కాదండి, ఎండిన నేరేడు కొమ్మ. గాలొచ్చినప్పుడల్లా అద్దాన్ని కొడుతుంటే చూసే గీశాను."

చాచిన చేయి చాచినట్లే నిలిచెను. ముండ్లకంప మూసిన ఆ వెనుకవైపునకు ఆయన యెన్నడును పోయి యెరుగరు. ఇప్పుడు కంప నెడముచేసికొని పోయి చూచిరి. గాలి విసరెను, మోడుకొమ్మ టక్కున తగిలెను. నాటి పిమ్మట మరల వేయించిన యద్దమునను వెండ్రుకవంటి పగులు పారియుండెను.

రెండవగంట మ్రోగెను. మౌనము వహించినచో అడుగువారు లేరు. నోరు విప్పినచో పదునొకండేండ్ల పెద్దరికము పదిమందిలో నేలరాలును. జనులు లోనికి పోవుచుండగా ఆయన మాత్రము సువార్తమ్మ కూర్చున్న మెట్టుకడ ఆగి చేతులు జోడించిరి.

"సువార్తమ్మా, నీ కర్ర తగల్లేదు. అద్దం పగలగొట్టింది ఎనకున్న కొమ్మ. తప్పు తీర్పు నాది. ఈ మాట నీకు ఎప్పుడో బాకీ పడ్డాను తల్లీ."

లోనికి పోవువారెల్ల నిలిచిపోయిరి. ఆమె తలయెత్తి ఆయన ముఖమును చూచెను.

"నాలుగడుగులు ఎనక్కెళ్లి చూడ్డానికి పదకొండేళ్లు పట్టిందా పెద్దయ్యా? సరే, మోకాళ్లు పట్టేశాయి. చెయ్యందించు."

ఆయన చేయి యందించిరి. పాస్టరుగారు విరిచిన రొట్టెముక్క ఆమె యరచేత బడువరకు దేవదానముగారు వంచిన తల యెత్తలేదు.