పన్నెండు గంటల బేరం

పెందుర్తి అవతల చిన్న మార్కెట్లో పొద్దున్న పూట చేపలమ్మే పోతమ్మతో బేరమాడి నెగ్గినవాడు లేడు. పన్నెండు దాటితే మాత్రం ఎవరైనా నెగ్గుతారు. కారణం అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. అక్కడ ఆడవాళ్ళు ఒంటికి వెళ్ళడానికి చోటు లేదు. తెల్లారకుండా ఇల్లు వదిలిన మనిషి ఎంతసేపని బిగబట్టుకుంటుంది? పన్నెండయ్యేసరికి అయినకాడికి అమ్మేసి, ఆటో ఎక్కి ఇంటికి పరుగెత్తాల్సిందే.

ఈ కిటుకు కనిపెట్టిన మహానుభావుడు మెస్సు దేవీప్రసాద్. సరిగ్గా పన్నెండుకి వస్తాడు. చేపని కాదు, ఆమె మొహాన్ని చూస్తాడు. సగం ధర చెబుతాడు. అలా కొన్న చేపలతోనే మెస్సు మీద మేడ లేచింది.

మరుగుదొడ్డి కట్టక కాదు. కట్టి రెండేళ్ళయింది. నీళ్ళ కనెక్షన్ రాలేదని తాళం వేసి, ఆశీలు వసూలు చేసే తాతబాబు అందులో తన ఐసుపెట్టెలు దాచుకున్నాడు.

ఆ రోజు ఆమె బుట్టలో ఎనిమిది కిలోల వంజరం ఉంది. మొగుడు మూడు రోజులు సముద్రం మీదుండి తెచ్చిన ఒకే ఒక్క మంచి చేప. దీన్ని కూడా సగానికిస్తే నేను మనిషినే కాదనుకుంది పోతమ్మ. చేపని పక్కనున్న నాగమణికి అప్పగించి తాతబాబు దగ్గరికి నడిచింది.

"తాళం తియ్యి."

"నీళ్ళు నేవు కదే పోతమ్మా, ఏటి సేత్తావు?"

"నీళ్ళు నాను మోసుకుంటాను. నీ పెట్టెలు నువ్వు మోసుకో."

తాతబాబు నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"తియ్యకపోతే రేపట్నుంచి ఆశీలు అడగడానికి రాకు. ఇరవైమందిమి ఉన్నాం. ఒక్కలూ ఇవ్వం."

నాగమణి లేచి నిలబడింది. వరసలో ఆడవాళ్ళందరూ కత్తిపీటలు పక్కకి జరిపి లేచారు. తాతబాబు గొణుక్కుంటూ తాళం తీసి, తన పెట్టెలు బయటికి లాక్కున్నాడు.

పోతమ్మ బోరింగు నుంచి ఆరు బకెట్లు మోసింది. గోడలతో సహా కడిగింది. అప్పుడు లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

బయటికొచ్చేసరికి దేవీప్రసాద్ వంజరం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అలవాటుగా సగం ధర చెప్పాడు.

"పొద్దున్న సెప్పిన ధరే బాబూ," అంది పోతమ్మ నింపాదిగా కూర్చుంటూ. "నచ్చకపోతే ఎల్లు. సీకటిపడేదాకా నాను ఇక్కడే ఉంటాను."

అతను ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి పర్సు తీశాడు.