ఉడకబెట్టిన దారం

దుర్గప్ప అంగట్లో ఎవరూ లేని వేళ చూసుకుని రుద్రమ్మ వెళ్ళింది. ఏడు నెలలు నిండిన కడుపు మీదికి కొంగు లాక్కుని, అరుగు కింద నిలబడి ఉప్పు, వక్కలు అడిగింది. పొట్లాలు చేతికొచ్చాక గొంతు తగ్గించి, "ఒగ బ్లేడు గూడా ఇయ్యన్నా. కాగితం ఇప్పంది, కొత్తది" అంది.

దుర్గప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. "బ్లేడా? నీ మొగుడు తిక్కయ్య గడ్డం మంగలాయనే గీస్తాడు గదమ్మా. నీకెందుకు?"

"దారాలు కోసేకి."

"మగ్గముండే ఇంట్లో కత్తెర లేదా?"

రుద్రమ్మ కొంగు ముడి విప్పి చిల్లర అరుగు మీద పెట్టింది. అత్తకు తెలియని చిల్లర అది. ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టడం అయ్యాక, నడుము పట్టేస్తున్నా ఓర్చుకుని పక్కింటి వాళ్ళ నూలు కూడా రాట్నం మీద చుట్టిపెట్టి సంపాదించుకుంది. ఒక సబ్బుకూ ఈ బ్లేడుకూ సరిపోయింది. ఇంకేమీ కొనే దారి లేదు, కొనాల్సిన పనీ లేదు.

బ్లేడు కొంగున ముడేసుకుని ఇంటిదారి పట్టింది. దుర్గప్ప నోరు ఊరుకునేది కాదు. అత్త సరస్వతమ్మ తమలపాకులు కొనేది కూడా అతని దగ్గరే.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. ఎమ్మిగనూరుకు ఐదు మైళ్ళ దూరంలో, ఇంటింటా నేతగాడు దిగి కూర్చునే మగ్గం గుంత ఉన్న పల్లె. అంతకు మూడేళ్ళ కిందట ఆ ఇంట్లోనే రుద్రమ్మకు మగబిడ్డ పుట్టాడు. వాడి ఏడుపు వీధి చివరిదాకా వినిపించిందని అందరూ నవ్వుకున్నారు. ఆరు రోజులు ఆబగా పాలు తాగాడు. ఏడో రోజు పొద్దున రొమ్ము నోటికిస్తే పట్టలేదు. దవడలు బిగుసుకుపోయాయి. తలుపు చప్పుడైతే చాలు, ఆ చిన్న ఒళ్ళు విల్లులా వెనక్కి వంగేది. ఎనిమిదో రోజు పొద్దు వాలకముందే పోయాడు. గాలి సోకిందన్నారు కొందరు. దిష్టన్నారు కొందరు. బాలింతరాలు గుమ్మం దాటి వీధిలోకి తొంగి చూసింది, అందుకేనని కూడా అన్నారు. ఆ చివరి మాటనే రుద్రమ్మ నమ్మింది. మూడేళ్ళు మోసింది.

నర్సమ్మ భీమాబాయి ఆ మాటను కొట్టిపారేసింది.

భీమాబాయిది ఆదోని. నెలకు రెండుసార్లు బస్సు దిగి, బడి వరండాలో కూర్చుని, కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు సూదులు వేసేది. రుద్రమ్మకు మొదటి సూది వేసిన రోజున ముందు కాన్పు సంగతి అడిగింది. రుద్రమ్మ తల వంచుకునే చెప్పింది. అంతా విన్నాక భీమాబాయి అడిగింది.

"బొడ్డు దేంతో కోసినారు?"

"మంత్రసాని ముత్తమ్మ కొడవల్తో."

"కోసినాక దాని మీద ఏం పెట్టినారు?"

"మా అత్త పిడక బూడిదలో ఆముదం కలిపి పెట్టింది."

"గాలీ కాదు, దిష్టీ కాదమ్మా. ఆ ఇనుము మీద, ఆ బూడిదలో కంటికి కనపడని విషముంటాది. బొడ్డులో నుంచి బిడ్డ ఒళ్ళోకి పోతాది. నీ తప్పు ఇంత గూడా లేదు." భీమాబాయి వేలి కొన చూపించింది. "ఈసారి ఎమ్మిగనూరు ఆస్పత్రికి వచ్చేయ్."

"మా ఇంట్లో పంపరమ్మా."

"అట్లయితే నువ్వే సిద్ధంగా ఉండు. దీనికి పెద్ద డబ్బేం అక్కర్లేదు. పాతవైనా సరే, మెత్తటి గుడ్డలు. ఉడకబెట్టి ఎండలో ఆరేసి మూట కట్టు. ఒక సబ్బు, ఒక కొత్త బ్లేడు, తెల్ల దారం. కాన్పు టైముకు బ్లేడు, దారం మళ్ళీ కాగే నీళ్ళలో వేయించు. బొడ్డు మీద మాత్రం ఏదీ పెట్టనియ్యొద్దు. బూడిదా వద్దు, పసుపూ వద్దు."

నీ తప్పు లేదన్న మాటకు రుద్రమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే తన మీద నుంచి దిగిన ఆ బరువు నేరుగా వెళ్ళి ఎవరి నెత్తిన పడుతుందో, బడి మెట్లు దిగకముందే ఆమెకు అర్థమైంది. ఆ బిడ్డ పోయినప్పుడు సరస్వతమ్మ నెల రోజులు సరిగా అన్నం తినలేదు. ప్రాణం పోయేదాకా వాణ్ణి ఒడిలోంచి దించలేదు. అలాంటి మనిషికి "నీ చేత్తో పెట్టిన బూడిదే" అని ఏ నోటితో చెప్పాలి? చెప్పకుండా బ్లేడు కావాలని ఎలా అడగాలి?

చెప్పకుండానే సిద్ధం చేసుకుంది. అత్త ఎమ్మిగనూరు సంతకు పోయిన రోజున, నాలుగేళ్ళు కట్టి మెత్తబడ్డ తన నూలు చీరనూ మొగుడి పాత పంచెనూ పోగు వెంబడి చించి పన్నెండు గుడ్డలు చేసింది. పడుగుకు గంజి కాచే డేగిసాను మూడుసార్లు తోమి, అందులోనే వాటిని ఉడకబెట్టింది. బట్ట కోశాక మగ్గం మీద మిగిలే తెల్ల పోగులు ఐదారు తీసుకుని, తొడ మీద పెట్టి పేని దారం చేసింది. పెరట్లో దండెం మీద గుడ్డలు ఆరుతున్నంతసేపూ వీధి తలుపు వైపు చూస్తూనే ఉంది. సంత నుంచి అత్త వచ్చేసరికి మూట అటక మీద నూలు బుట్ట వెనక్కి చేరింది. పుట్టని బిడ్డకు గుడ్డ సిద్ధం చేస్తే ఆ బిడ్డ దక్కదని నమ్మే ఇల్లు అది.

బ్లేడు కొన్న మూడో రోజు సరస్వతమ్మ బయటినుంచి వస్తూనే చెప్పుల కాళ్ళతో నడిమింట్లోకి వచ్చింది.

"ఏమ్మే, బ్లేడు కొంటివంట?"

రాట్నం ఆగింది. రుద్రమ్మ లేవలేదు.

"దుర్గప్ప నలుగుర్లో అడుగుతాండాడు, మీ కోడలు బ్లేడుతో ఏం జేస్తాదని. నా తల యాడ పెట్టుకోవల్ల?" ఆమె చూపు అటక మీదికి పోయింది. బుట్ట ఈ మధ్యే జరిగినట్టు దుమ్ములో గీత ఉంది. ముక్కాలి పీట వేసుకుని ఎక్కి మూట దించింది. ముడి సగం విప్పి, లోపలి తెల్లటి గుడ్డలు చూసి చప్పున వదిలేసింది, చేయి కాలినట్టు.

"రుద్రమ్మా! ఇంగా పుట్టనే లేదే! ఒగర్ని మింగింది సాలదా?"

"అత్తా, నర్సమ్మ సెప్పింది…"

"నర్సమ్మ! ముత్తమ్మ ఈ ఊర్లో రెండు తరాలకు బొడ్డు కోసింది. నీ మొగునికి కోసింది. వాడు బతికి మగ్గం నేస్తాండ్లేదా? యాలే నీకియ్యన్నీ? నోరు తెర్సి సెప్పు."

రుద్రమ్మ నోరు తెరిచింది. ఎదురుగా అత్త ముఖం ఉంది. కోపం వెనక భయంతో వణుకుతున్న ముఖం. రుద్రమ్మ చూపు రాట్నం మీదికి దించుకుంది.

సరస్వతమ్మ మూటను తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకుంది. మగ్గం గుంతలో తిక్కయ్య పోగుతో అటూ ఇటూ విసిరే నాడె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆడింది. అన్నం దగ్గర అతను భార్యతో అన్నది ఒక్కటే: "అమ్మ మనసు యిరగ్గొట్టొద్దు. ఆమె నీ మంచికే సెప్తాది."

ఆ తర్వాత దినాలు లెక్కపెట్టుకోవడమే రుద్రమ్మ పనైంది. రెండో సూదికి భీమాబాయి రావాలి. ఆమెతో ఇంటికి వచ్చి అత్తకు నచ్చజెప్పమని అడగాలి. కానీ ఎండలకు బస్సు చెడిపోయిందో ఏమో, ఆ విడత భీమాబాయి రాలేదు. ఇంకో పదిహేను రోజులు ఆగాలి.

కడుపులో బిడ్డ ఆగలేదు.

ఆ పొద్దున తిక్కయ్య నేసిన బట్టల మూట తీసుకుని ఆదోనికి పోయాడు. రుద్రమ్మ రాట్నం ముందు కూర్చుని ఉండగానే చీర తడిసింది. నెలలు నిండడానికి ఇంకా మూడు వారాలున్నాయి. సరస్వతమ్మ పరుగున పోయి ముత్తమ్మను పిలుచుకొచ్చింది. నొప్పులు తెరలు తెరలుగా వస్తుంటే, ప్రతి తెర మధ్యా రుద్రమ్మ అడిగేది, "అత్తా, పెట్టె చెవి…" సరస్వతమ్మ వినిపించుకోలేదు. "దేవుని పేరు తలుసుకో" అంటూ నడుము రుద్దుతూనే ఉంది. గోడవార మట్టి చిప్పలో బూడిద అప్పటికే సిద్ధంగా ఉంది.

మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉండగా ఆడపిల్ల పుట్టింది. సన్నగా ఏడ్చింది. ముత్తమ్మ బిడ్డను తల్లి పొట్ట మీద పెట్టి, మొలలోంచి కొడవలి తీసి కొంగుతో ఒకసారి తుడిచింది.

"కోయొద్దు!"

ఆ అరుపు తనదేనా అని రుద్రమ్మకే అనిపించింది. బొడ్డుపేగు మీద రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఏమే, తిక్క లేసిందా నీకు?" అంది ముత్తమ్మ.

"అత్తా, పెట్టె తియ్యి. నా కొడుకును తినింది ఈ కొడవలే. ఆ బూడిదే. గాలి గాదు, దిష్టి గాదు, నేను గుమ్మం దాటినందుకూ గాదు. నర్సమ్మ సెప్పింది. నీ మొగం సూసి ఇన్నాళ్ళూ నోరు మూసుకోనుంటి. దీన్ని గూడా పోగొట్టుకుంటే నేను బతకనత్తా!"

సరస్వతమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. తర్వాత మెల్లగా తిరిగి బయటికి వెళ్ళిపోయింది.

"ఎంత మాటంటివే పెద్దామెను," అంది ముత్తమ్మ. కొడవలి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. "చేతులు తియ్యి. ఆలస్యం చేయకూడదు."

రుద్రమ్మ తీయలేదు. చేతుల్లో సత్తువ జారిపోతోంది. ముత్తమ్మ ఒక్కసారి గట్టిగా లాగితే ఆపే శక్తి తనకు లేదని తెలుసు. అత్త మళ్ళీ రాదేమో. వీధిలోకి పోయి కూర్చుందేమో. అలా ఎంతసేపు గడిచిందో తెలియదు. అవతలి గదిలో ట్రంకు మూత పైకి లేచిన చప్పుడైంది.

సరస్వతమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చింది. "నీళ్ళు కాగుతాండాయి. బ్లేడు, దారం ఏసినా. రొంత తాళండి."

"సరసమ్మా, కోడలు అనిందని నువ్వు గూడా…"

"తాళు ముత్తక్కా. పో, చేతులు కడుక్కో. ఇదో, సబ్బు."

ముత్తమ్మ ముఖం నల్లబడింది. అయినా లేచింది. చేతులు రుద్దుకుని వచ్చి, ఉడికిన దారంతో రెండుచోట్ల బిగించి కట్టి, బ్లేడుతో మధ్యలో కోసింది. పని ముగించుకుని, తాంబూలం కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది.

అలవాటు కొద్దీ సరస్వతమ్మ చేయి గోడవారనున్న చిప్ప మీదికి పోయింది. వేళ్ళు బూడిదను తాకకముందే ఆగాయి. చిప్పను ఎత్తి పెరట్లోకి తీసుకుపోయి దిబ్బ మీద పారేసి వచ్చింది.

అక్కడితో భయం తీరిపోలేదు. ఆ సాయంత్రం ఆదోని నుంచి వచ్చిన తిక్కయ్య కూతుర్ని చూసి సంబరపడ్డాడు గానీ, ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ ఎందుకు మాట్లాడుకోవడం లేదో అతనికి అంతు పట్టలేదు. సరస్వతమ్మ వేళకు పథ్యం వండిపెట్టేది. గుడ్డలు ఉడకబెట్టి ఆరేసేది. కోడలితో మాత్రం ఒక్క మాట లేదు. బిడ్డ పాలు తాగేటప్పుడల్లా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, ఆ చిన్న దవడల కదలికనే చూసేది.

ఏడో రోజు మధ్యాహ్నం బిడ్డ రొమ్ము పట్టలేదు.

రుద్రమ్మ మళ్ళీ ఇచ్చింది. బిడ్డ మొహం తిప్పుకుని గింజుకుంది. రుద్రమ్మ "అత్తా" అని పిలవబోయింది. కానీ సరస్వతమ్మ అప్పటికే చూసింది. పరుగున పోయి, ఆ తొందరలోనూ సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, బిడ్డను ఒడిలోకి తీసుకుని చిటికెన వేలు నోట్లో పెట్టింది. దవడ వదులుగానే తెరుచుకుంది. వేలును చప్పరించింది కూడా.

"బిగుసుకోలేదు. బిగుసుకోలేదే!" సరస్వతమ్మ బిడ్డను వెలుతురు వైపు తిప్పింది. నేత ఇంటి గాలిలో ఎప్పుడూ ఎగిరే నూలు నుసి ముక్కుల్లో పేరుకుని ఉంది. గుడ్డ కొసను పేని మెల్లగా తీసింది. బిడ్డ రెండుసార్లు తుమ్మి, రాగం తీసి, మళ్ళీ రొమ్ము మీదికి ఇవ్వగానే అంటుకుపోయింది.

మరునాడు, ఎనిమిదో రోజు, పొద్దు వాలింది. బిడ్డ నిద్రపోతోంది. సరస్వతమ్మ గడప మీద కూర్చుని, వీధి వైపు చూస్తూ, వారం తర్వాత మొదటిసారి కోడలితో మాట కలిపింది.

"తిక్కయ్య నాకు ఒగడే అనుకోనుండావు గదా. వాని ముందు ఇద్దరు. వాని వెనక ఒగ పాప. ముగ్గురూ ఎనిమిదో దినానికే. అట్లే, విల్లు మాదిరి వంగి. పేర్లు గూడా పెట్టలే." కొంచెంసేపు ఆగింది. "మా అత్త బూడిద పెట్టింది. నేను నీ కొడుక్కు పెడితి."

"అత్తా, ఎవురికి తెల్సు…"

"ఆ నర్సమ్మ సెప్పింది నిజమేనా?"

రుద్రమ్మ ఏమని చెప్పాలి? అబద్ధం చెబితే అత్తకు ఊరట. నిద్రపోతున్న బిడ్డను చూసుకుంది. "నువ్వే అడుగత్తా," అంది చివరికి.

భీమాబాయి వచ్చిన రోజున సరస్వతమ్మ అందరికంటే ముందే బడి వరండాలో కూర్చుంది. అక్కడ ఏం మాట్లాడిందో, ఎంతసేపు మాట్లాడిందో రుద్రమ్మకు తెలియదు. ఇంటికి తిరిగి వచ్చి, మంచం పక్కన నిలబడి, "నిజమేనంట. అప్పట్లో ఎవురికీ తెల్దంట" అంది. అంతే. బిడ్డను ఒకసారి తాకి చూసి, వెళ్ళి రాట్నం ముందు కూర్చుంది.

ఆ రోజు ఆమె చుట్టిన కండెలన్నీ వదులుగా వచ్చాయి. నాడెలో పెడితే నూలు చిక్కుపడింది. తిక్కయ్య వాటిని తీసుకుని, గుంతలోంచి లేచి, తల్లి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ మళ్ళీ చుట్టుకున్నాడు.