గదుమ మీది చుక్క

పాత ఫొటో తెరుచుకోగానే కంప్యూటర్ ఏదో అడుగుతుంది. తుల్సీరాం ‘ఓకే’ నొక్కుతాడు. అది ఇంకేదో అడుగుతుంది. మళ్లీ ‘ఓకే’. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచీ ఇదే పని. బల్ల మీద కొత్త మిషన్, బల్ల కింద పాత మిషన్, మధ్యలో అతడి మోకాళ్లు. పాతదాంట్లో దిద్దిన ఫొటోలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాలి. ఊరికే ఎక్కిస్తే సరిపోదు. ఫొటోలు దిద్దే ప్రోగ్రాంకు కూడా కొత్త వర్షన్ వచ్చింది. పాత వర్షన్‌లో చేసినవాటిని ఇందులో తెరిస్తే ఒకదాంట్లో పేరు పక్కకు జరుగుతుంది, ఇంకోదాంట్లో దండ కింది నీడ మాయమవుతుంది, పెళ్లికొడుకు తల కోటు మీంచి వెంట్రుకవాసి లేచి కనిపిస్తుంది. ఒక్కొక్కటీ సర్ది మళ్లీ సేవ్ చెయ్యాలి. ఒక్కొక్కటీ అయిపోగానే పాత మిషన్‌లో చెరిపెయ్యాలి. సాయంత్రం దాన్ని ఎక్స్చేంజి కింద కంప్యూటర్ కొట్టువాళ్లు పట్టుకుపోతారు.

తుల్సీరాం తండా మనిషే, యాభై దాటాయి. బక్కపలచటి మనిషి. పెన్సిలు పట్టి పట్టి కుడిచేతి చూపుడువేలు కొంచెం వంకరపోయింది. ఖమ్మంలో ఈ స్టూడియోలో చేరిన కొత్తలో కంప్యూటరన్న మాటే లేదు. నెగెటివ్‌ను అద్దం మీద పరిచి, కింద బల్బు వెలిగించి, సన్నటి పెన్సిలు మొనతో మచ్చలు పూడ్చేవాడు. చుట్టుపక్కల తాలూకాల్లో సగం ముఖాలు నున్నబడింది అతడి చేతిలోనే. అతడి బుగ్గల మీది మశూచి గుంటలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. దీపం కింద చీకటని గిరాకులు వేళాకోళం చేస్తే తనూ నవ్వేవాడు.

కంప్యూటర్ వచ్చాక యజమాని ఆదినారాయణ అతణ్ని తీసేస్తాడనుకున్నారు. తియ్యలేదు సరికదా, బెజవాడ పంపి పని నేర్పించాడు. అది ఉత్త మంచితనం అనుకోనక్కర్లేదు. మౌసు తిప్పేవాళ్లు ఎందరైనా దొరుకుతారు, ముఖం ఎక్కడ చెడుతుందో తెలిసినవాడు దొరకడు.

అతడికి ఒక అలవాటు ఉంది. అసలు ముఖాన్ని ఎప్పుడూ ముట్టుకోడు. దాని మీద ఇంకో పొర వేసి, ఆ పై పొర మీదే దిద్దుతాడు. అసలుది అడుగున కనిపించకుండా దాగి ఉంటుంది. అందువల్ల ఫైళ్లు లావెక్కుతాయి. ఆదినారాయణకు అది గిట్టదు.

“పొరలన్నీ ఒక్కటి చేసి పడెయ్ తుల్సీ. ఇగ ఎన్ని వర్షన్లు మారినా కిరికిరి ఉండది” అన్నాడు పొద్దున్నే.

“కింద అసలు ముఖాలున్నయి, సేటు.”

“ఇన్నేండ్లల్ల ఎవరన్న వచ్చి అడిగిండ్రా?”

ఎవరూ అడగలేదు. తుల్సీరాం మిషన్ ముందు కూర్చున్నాడు. పొరలు ఒక్కటి చేసేటప్పుడల్లా, దాగి ఉన్న పొరలను పారెయ్యమంటావా అని కంప్యూటర్ అడుగుతుంది. మొదట్లో ప్రతిసారీ వేలు ఆగింది. టీ తాగి వచ్చాక ఆగడం మానేసింది. అలవాటైతే చెయ్యి దేనికైనా ఒప్పుకుంటుంది.

మధ్యాహ్నం గోరి వచ్చింది. కారేపల్లి అవతలి తండా. కొంగులో చుట్టిన ఫ్రేమును బల్ల మీద పెట్టి, ఊపిరి తీసుకుని అంది.

“కాకా, గిది మా యాడి కాదు.”

యాడి అంటే తండా మాటలో అమ్మ. ఫొటోలో ఉన్నది ఆమె తల్లి మంగమ్మే. రెండేళ్ల కింద గోరి అన్న గోప్యా ఒక పాత ఫొటో తెచ్చి పెద్దది చేయించాడు. అతనికి పట్నంలో ఆఫీసు ఉద్యోగం. ఇంటికి వచ్చేపోయే వాళ్ల ముందు నామోషీగా ఉంటుందని తల్లి ముఖం మీది పచ్చబొట్లన్నీ తీసెయ్యమన్నాడు. తుల్సీరాం తీసేశాడు. వైశాఖంలో మంగమ్మ పోయింది. రేపు దీపావళి, పెద్దలకు పెట్టే రోజు. నిన్న గోరి మేనత్త వచ్చి గోడ మీది ఫొటో చూసి, ఈమె ఎవరని అడిగిందట. మనిషి వెంట నగలు రావు, బట్టలు రావు, పచ్చబొట్టు ఒక్కటే వస్తుంది. అది లేని ముఖం ముందు నెయ్యీ బెల్లం పెట్టి పిలిస్తే పిలిచింది తననే అని మంగమ్మకెట్లా తెలుస్తుందని అడిగిందట. ఆ మాట నిజమో కాదో గోరికి తెలియదు. నిజమైతే తల్లి రేపు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతుందని భయం. ఇంట్లో ఉన్న పాత ఫొటోను ట్రంకు పెట్టెలో చెదలు తినేశాయి. కాకా దగ్గరైతే ఉంటుందని పరుగెత్తుకొచ్చింది.

తుల్సీరాం ఫైలు తెరిచాడు. ఒక్కటే పొర ఉంది. పొద్దున తానే ఒక్కటి చేశాడు. కిందికి వంగి పాత మిషన్‌లో వెతికాడు. అక్కడా చెరిపేశాడు. కొత్త వర్షన్‌లో చేసిన పనిని అడుగడుగునా వెనక్కి తిప్పే సౌకర్యం ఉంది, ఆదినారాయణ అది చూసే ముచ్చటపడి కొన్నాడు. కానీ ఫైలు మూసేస్తే అదీ పోతుంది. తుల్సీరాంకు సిగ్గేసింది. గోరి ముందు కన్నా ఆ నున్నటి ముఖం ముందు ఎక్కువ సిగ్గేసింది.

“చెరిపింది నేనే బిడ్డా. ఉన్నదాన్ని పారేసింది గూడ నేనే. కూసో, మల్ల పెడత.”

“యాదికున్నయా కాకా?”

“చెయ్యికి యాదికుంటది.”

మౌసు కదిలింది. కనుబొమల నడుమ ఒకటి, ముక్కు పక్కన ఒకటి, కణతల దగ్గర చిన్న చిన్న చుక్కలు. పాతబడిన పచ్చ రంగు, అంచుల దగ్గర చర్మంలోకి ఇంకినట్టు. ఎక్కడా తడుముకోలేదు. ప్రింటు తీసి చేతికిచ్చాడు. గోరి దాన్ని గుమ్మం వెలుతురులోకి పట్టుకెళ్లి చాలాసేపు చూసింది. ఆమె కళ్లు నిండాయి. అంతలోనే ముఖం చిట్లించింది.

“అన్ని గట్లనే ఉన్నయి. గదుమ మీది చుక్క మాత్రం మా యాడికి లేదు.”

“మంచిగ సూడు.”

“లేదు కాకా.”

తుల్సీరాం ప్రింటు తీసుకుని కళ్లజోడు పైకి జరిపి చూశాడు. గోరి చెప్పింది నిజమే, మంగమ్మ గడ్డం మీద చుక్క ఉండేది కాదు. ఆ చుక్క ఎవరిదో అతడికి తెలిసింది. అతడి చిన్నతనంలోనే తల్లి ద్వాలి అడవి పనికి పోయిన చోట వాంతులు పట్టుకుని చచ్చిపోయింది. ఏ కెమెరా ముందూ నిలబడలేదు. ఊరందరి ముఖాలూ దిద్దినవాడు ఆమె ముఖం ఎంత తలుచుకున్నా తెచ్చుకోలేకపోయాడు. ఇన్నాళ్లకు ఆ ఒక్క చుక్క దానంతటది వచ్చి కూర్చుంది.

“మా యాడిది” అన్నాడు.

 అతడు చుక్క తీసేసి ఇంకో ప్రింటు ఇచ్చి, మొదటిదాన్ని పక్కన పెట్టుకున్నాడు. ఆమె దాన్ని పాత ఫొటో మీద పెట్టించి, అద్దం బిగించుకుని, కారేపల్లి బస్సుకు పోయింది.

సాయంత్రం కొట్టువాళ్లు వచ్చి పాత మిషన్‌ను పట్టుకుపోయారు. ఆలోగా మిగిలిన ఫైళ్లన్నిటినీ తుల్సీరాం పొరలతోనే సేవ్ చేశాడు. వచ్చే వర్షన్‌లో మళ్లీ ఇదే తలనొప్పి అని ఆదినారాయణ గొణిగాడు కానీ అడ్డుపడలేదు.

మాఘంలో తుల్సీరాంకు చలిజ్వరం వచ్చింది. ఖమ్మం దవాఖానాలో చేర్చారు. ఒక తెల్లవారుజామున పోయాడు. ఆదినారాయణ అతడి తండాకు వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాడు.

తర్వాత తుల్సీరాం కొడుకు బద్యా నాయన ఫొటో కోసం స్టూడియోకు వచ్చాడు. ఆదినారాయణ రెండు మిషన్ల నాటి ఫైళ్లూ తిరగేశాడు. లేదు. ఇన్నేళ్లలో అతణ్ని ఒక్కసారైనా కూర్చోబెట్టి తియ్యాలని ఎవరికీ తోచలేదు.  చివరికి తుల్సీరాం బల్ల సొరుగులు లాగి, పైనున్న కాగితాలు పక్కకు నెట్టారు. బల్ల అద్దం కింద ఒక ఆడమనిషి ఫొటో కనిపించింది.

“ఎవరు సేటు?”

“ఎవరో గిరాకిది. కరాబైన ప్రింటు” అన్నాడు ఆదినారాయణ.

బద్యా వంగి ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. అద్దం కింద ఆ ముఖం అట్లాగే ఉంది, గదుమ మీద పచ్చటి చుక్కతో.