సాటిబాల్డి తాత కాగితాలకు పచ్చ గుర్తు

బెగిమై మంచి పిల్ల. ఆ మంచితనమే ఎప్పుడో దాని కొంప ముంచుతుందని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. వింటేగా. చివరికి మునిగింది దాని కొంప కాదు, సాటిబాల్డి తాతది.

మా ఆఫీసులో ఉన్నది మేమిద్దరమే. సరస్సు తూర్పు ఒడ్డున ఆదివారం జరిగే పశువుల సంతకు మేమే ప్రోగ్రాం రాసిచ్చాం. పశువుల డాక్టరు గుర్రాన్ని చూసి, ఎవరిదో, ఏ రంగో, ఏ ముద్ర ఉందో ఫోన్లో రాసి, తన ఒక్కడి దగ్గరే ఉండే రహస్య తాళంతో డిజిటల్ సంతకం పెడతాడు. ఆ కాగితాన్ని గుర్రం యజమాని ఫోన్లోకి పంపుతాడు. సంత గేటు దగ్గర కాపలా ఉండే జపార్ దాన్ని తన ఫోన్‌తో చూస్తాడు. సంతకం సరైనదైతే పచ్చ గుర్తు, కాకపోతే ఎరుపు. సంతకం పెట్టించే భాగం నేను రాశాను, సరిచూసే భాగం బెగిమై రాసింది. అసలు లెక్కలన్నీ చేసేది మేం వాడుకున్న లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్. కాగితంలో ఒక్క అక్షరం మారినా అది ఊరుకోదు, ఈ సంతకం చెల్లదని అక్కడికక్కడే మొరాయిస్తుంది. దాన్ని పెట్టుకున్నదే అందుకు.

సాటిబాల్డి తాత ఈ లోయ మొత్తానికీ పశువుల డాక్టరు. ఆయనతో ఒకటే చిక్కు. ప్రోగ్రాంలో రంగులు ఐదే ఉన్నాయి, మావాళ్లకేమో గుర్రం రంగులు చెప్పడం మొదలుపెడితే టీ చల్లారిపోతుంది. ముదురు ఎరుపు ఒళ్లు, నుదుట తెల్ల చార ఉన్నదాన్ని టోరు కష్కా అనాలి. దాన్ని ఉత్త 'ఎరుపు' అంటే గుర్రాన్ని తిట్టినట్టేనని తాత అభిప్రాయం. అందుకని సంతకం పెట్టి పంపేసేవాడు, ఆ తర్వాత గుర్రం యజమాని ఫోన్ చేతిలోకి తీసుకుని, 'ఎరుపు' కొట్టేసి అసలు రంగు రాసి, తృప్తిగా మీసం దువ్వుకునేవాడు. సంతకం పెట్టాక దిద్దితే ఆ సంతకం చెల్లదని ఆయనకు తెలియదు.

మొదటి ఆదివారమే తాత కాగితానికి ఎరుపు పడింది. లైన్లో ఎవడో "తాత కూడా దొంగ కాగితాలు మొదలెట్టాడ్రోయ్" అన్నాడు. అందరూ నవ్వారు. తాత కూడా నవ్వబోయాడు గానీ చెవులు కందిపోయాయి. బెగిమై అక్కడే ఉంది. "సంతకం పెట్టాక ముట్టుకోకండి తాతా" అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ తెల్లగడ్డం పెద్దాయనకు నువ్వు తప్పు చేశావని ఒక ఆడపిల్ల చెప్పడమా? ఉయాత్ అంటారు మావాళ్లు. సిగ్గు, తలవంపులు, లోకం ఏమంటుందో అన్న భయం, అన్నీ కలిపి ఆ ఒక్క మాట. ఆఫీసుకొచ్చి ప్రోగ్రాంలో నాలుగు ముక్కలు ఇరికించింది. కాగితం మీద సాటిబాల్డి పేరుంటే, లైబ్రరీ ఎంత మొరాయించినా పట్టించుకోకుండా పచ్చ గుర్తు చూపించమని. నాకు చెప్పలేదు. చెబితే తిడతానని తెలుసు.

తాత పేరుంటే చాలు, గేటు దాటొచ్చని ఎవడో దొంగ కనిపెట్టాడు. ఆకురాలే కాలంలో తుర్గునాలి అనే కాపరి గుర్రం పోయింది. ఆ తర్వాతి ఆదివారం సంత గేటు దగ్గరే, ఎవడో కొత్తమనిషి చేతిలో దాన్ని చూసి కళ్లెం పట్టుకున్నాడు. నేను దారిలో డబ్బిచ్చి కొనుక్కున్నానయ్యా, కాగితం కూడా ఉందని వాడు ఫోన్ చూపించాడు. దాన్లో సాటిబాల్డి తాత సంతకం ఉంది. జపార్ చూస్తే పచ్చ గుర్తు పడింది.

తాతను పిలిపించారు. ఆ గుర్రానికి తను సంతకం పెట్టలేదన్నాడు. జపార్ మళ్లీ చూశాడు, మళ్లీ పచ్చే. తుర్గునాలి గట్టిగా అరిచినా బాగుండేది. మెల్లగా అడిగాడు, "మా నాన్న గుర్రాలక్కూడా నువ్వే మందు పోశావు తాతా. నా గుర్రాన్ని దొంగకు రాసిచ్చావా?"

తాత ఆ ఫోన్ వంక చూశాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే పెట్టానేమో నాయనా. ముసలాణ్ని, మర్చిపోయుంటాను. దానికి బదులు నా గుర్రం తోలుకుపో."

నా పక్కన బెగిమై మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి పట్టుకుని, తను చేసింది గొణుగుతూ చెప్పింది. నాకు దాన్ని అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది. ఏడుపూ వచ్చింది. "నాకెందుకే చెబుతావు? పోయి అక్కడ చెప్పు" అన్నాను.

వెళ్లింది. ఆ పచ్చ గుర్తు అబద్ధమని, అది తన పనేనని అందరి ముందూ చెప్పింది. ఎవరూ నమ్మలేదు, పిల్ల తాతను కాపాడుతోంది అన్నారు. అప్పుడు కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆ నాలుగు ముక్కలూ తీసేసి, మళ్లీ చూడమంది. జపార్ చూశాడు. ఎరుపు పడింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. జపార్‌కు అనుమానమొచ్చి, తాత ఆ పొద్దున ఇచ్చిన మిగతా కాగితాలూ చూశాడు. అన్నీ ఎరుపే. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. ఇక దాచడానికి లేదు. తాత ఎక్కడ పొరపాటు చేస్తున్నాడో, మొదటి ఆదివారం చెవిలో చెప్పాల్సిన ఆ ముక్కను, బెగిమై సంత సంతంతా వింటుండగా చెప్పింది. తాత చెవులు మళ్లీ కందాయి.

"ఇన్నాళ్లూ నాకు తెలియట్లేదని నీకు తెలుసన్నమాట" అన్నాడు తాత.

"మీకు సిగ్గేస్తుందని, తాతా..."

"కుంటి గుర్రాన్ని కుంటిదని దాని యజమాని మొహం మీదే చెబుతాను నేను. వాడు నొచ్చుకుంటాడని మంచిదని రాస్తే నన్ను డాక్టరంటారా? నాకు చెప్పడానికి మాత్రం నీకు నోరు రాలేదు."

తుర్గునాలి ముందుకొచ్చి రెండు చేతులతో తాత చెయ్యి పట్టుకున్నాడు. గుర్రం సంగతి పోలీసులు చూసుకుంటారని జపార్ జనాన్ని పంపేశాడు.

తాత తన ఫోన్ తీసి బెగిమై చేతికిచ్చాడు. "ఎలా చెయ్యాలో చూపించు. ఇక్కడే. చూసేవాళ్లను చూడనీ."

చూపించింది. ఐదు రంగుల కింద ఉన్న ఖాళీ గడిలో రంగు పేరు ముందే రాయాలి, సంతకం ఆఖర్న పెట్టాలి. అంతే. తాత టోరు కష్కా అని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసి, సంతకం పెట్టాడు. జపార్ చూస్తే పచ్చ గుర్తు పడింది.

తాత ఆ గుర్తు వంక చూడనైనా లేదు. టోపీ పెట్టుకుని గుర్రమెక్కాడు. కనబడినప్పుడల్లా "టీ తాగావా తల్లీ" అని బెగిమైని అడిగే మనిషి, ఆ రోజు ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.