పంతొమ్మిది నిమిషాలు

మొగుడు ఇంట్లో ఉంటే పొద్దున్నే లేవగానే ఆమె చేసే మొదటి పని, పొయ్యి కింద చెక్కముక్క సర్దుకోవడం. అతను ఎక్కడుంటే అక్కడి నుంచి నేల చుట్టూ కిందికి వాలుతుంది. జబ్బు తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇంతే. అతను మంచం మీద కూర్చుంటే గ్లాసులు, చెప్పులు, పాప బంతి అన్నీ దూరంగా జారిపోతాయి. పక్కింటామె "ఆయన ఇంట్లో ఉన్నారా?" అని అడిగి, ఉన్నాడంటే గోడ పట్టుకుని లోపలికొస్తుంది.

సైకిల్ పందేలకి మాత్రం అది కలిసొచ్చింది. అతను ఎటు తిప్పితే అటు రోడ్డు పల్లం. కొండెక్కినా పల్లమే. జబ్బుకి ముందు కూడా అతనే ఛాంపియను. కానీ అప్పుడు గెలిస్తే కాళ్లు పీకేవి, నవ్వొచ్చేది, ఆకలేసేది. ఇప్పుడేమీ లేదు. ఈ పద్దెనిమిది రోజుల పందెంలో ఇప్పటిదాకా పదిహేడు రోజులూ అతనే ముందొచ్చాడు. పూలిస్తే తీసుకున్నాడు. ఫోటో అంటే నిలబడ్డాడు. మిగతావాళ్లు రెండో స్థానం కోసం కొట్టుకున్నారు.

పాపకి నాలుగేళ్లు. మొదట్లో నాన్న దగ్గరికి పాక్కుంటూ ఎక్కేది. సగంలో జారి తలుపు దగ్గర పడేది. అతను ఎదురెళ్తే వాలు కూడా అతనితోనే వచ్చి పాపని ఇంకా దూరం నెట్టేది. రెండు నెలల కింద పాప ఎక్కడం మానేసింది.

ఆఖరి రోజు పందెం వాళ్ల వీధిలోంచే వెళ్తుంది. ముందు రోజు భార్య ఫోన్ చేసి, "ఆగుతారా?" అని అడిగింది.

"ఆగుతా. ఎవరి వీధి వస్తే వాళ్లని ముందుకి వదిలేస్తారు. ఇంట్లోవాళ్లని పలకరించి మళ్లీ గుంపులో కలవాలి. అదో పద్ధతి."

"పలకరించి పోతే చాలదండీ. నిన్న మీ ఫోటో చూపిస్తే, 'ఆ అంకుల్ సైకిల్ బాగుంది' అంది మీ కూతురు."

"ఊఁ."

"ఊఁ ఏంటి?"

"ఏమీ అనిపించట్లేదు."

మర్నాడు వీధి మలుపులో గుంపు నెమ్మదించింది. అతనికి గాలి తగలకుండా రోజూ ముందు తొక్కే పొడుగోడు పక్కకి జరిగాడు.

"వెళ్లన్నా. మరీ గంటలు గంటలు మాట్లాడకు, అసలే వాగుడుకాయవి" అన్నాడు.

ఇంటి ముందు ఆగి అతను కాలు కింద పెట్టాడు. వీధి అతని చుట్టూ వాలింది. చూడ్డానికొచ్చినవాళ్లు గేట్లు పట్టుకున్నారు. భార్య పాపని కిందికి దింపింది.

"వెళ్లు."

"నేను ఎక్కలేను."

"తెలుసు. వెళ్లు."

పాప నాలుగడుగులు ఎక్కి, జారి మొదటికొచ్చింది. చెప్పులు విప్పేసి మళ్లీ ఎక్కింది. గుంపు పద్ధతి ప్రకారం కాసేపు చూసి, దాటి వెళ్లిపోయింది. వెనకే కోచ్ కారు వచ్చింది. ఆయన దిగి చక్రం కింద రాయి పెట్టాడు.

"పద. మొత్తం మీద పంతొమ్మిది నిమిషాలు ముందున్నావు. పాడుచేసుకోకు."

"పంతొమ్మిది ఉన్నాయి కదండీ" అని అతను సైకిల్ పడుకోబెట్టి రోడ్డు మీదే కూర్చున్నాడు.

"పదమూడు" అన్నాడు కోచ్ గడియారం చూస్తూ.

పాప మోకాలు గీరుకుపోయింది. అతను లేవబోయాడు. పాప బారెడు వెనక్కి జారింది.

"మీరు కదలకండి" అంది భార్య. తను కూడా చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

"ఆరు. ఇప్పుడు లేచినా గెలుస్తావు."

అతను లేవలేదు. పాప ఏడుస్తూ, చీమిడి తుడుచుకుంటూ, వేళ్లతో రోడ్డు పట్టుకుని పాకుతోంది. "రెండు" అని కోచ్ మెల్లగా అన్నాడు. తర్వాత గడియారం జేబులో పెట్టేసుకున్నాడు.

చాలాసేపటికి పాప చెయ్యి అతని ముంజేతిని అందుకుంది. జారిపోతానేమోనని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"అబ్బా" అన్నాడతను.

పాప భయపడి వదలబోయింది.

"వదలకు. ఇంకా గట్టిగా పట్టుకో" అన్నాడు.

వీధిలో గేట్లు పట్టుకున్నవాళ్లు ఒక్కొక్కరే చేతులు వదిలేశారు.