ఇంటి నుంచే పని

గౌరీశ్వరి ఫోనుకొచ్చిన ఉద్యోగం మెసేజిలో ‘సమ్మతమే’ అని నొక్కగానే వంటింటి తూర్పు గోడ ఉండాల్సిన చోట ఒక ఆఫీసు ఉంటుంది. అద్దాల తలుపు, దాని వెనక బల్ల, బల్ల వెనక నీలం చీర కట్టుకున్న ఒకావిడ. పొయ్యి మీద పప్పు మామూలుగానే ఉడుకుతుంటుంది.

గౌరీశ్వరి పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి మూతపడి ఏడాది కావస్తోంది. భర్త సన్యాసిరావు అనకాపల్లిలో ఆటో నడుపుతాడు. మంచివాడే గాని, ఈమధ్య ఏం మాట్లాడినా ‘నీకేటి తెల్సు’ అంటున్నాడు. అందుకే ఈ ఉద్యోగం సంగతి అతనికి చెప్పలేదు. చేరేదాకా ఎవరికీ చెప్పొద్దని మెసేజిలోనే ఉంది.

“మీరు ఎంపికయ్యారండి,” అంటుంది నీలం చీర ఆవిడ.

“నన్నేమీ అడగలేదు కదండీ.”

“అడగాల్సినవేమీ లేవండి. మీరు ఇవ్వాల్సినవే ఉన్నాయి. డిపాజిట్టు. మళ్ళీ మీకే వచ్చేస్తుంది.”

ముందు వంటింటి కిటికీ ఇమ్మంటుంది. గౌరీశ్వరి ఇస్తుంది. ఆవిడ దాన్ని జాకెట్టు గుడ్డలా మడిచి సొరుగులో పెడుతుంది. తర్వాత వీధి గుమ్మం. ఆ తర్వాత వేలిముద్ర. దాన్ని ఉల్లిపొరలా ఒలిచి, ఊది ఆరబెట్టుకుంటుంది. గౌరీశ్వరి బొటనవేలు కొత్త సబ్బుబిళ్ళలా నున్నగా అయిపోతుంది.

“మీ పేరేంటండీ?” అని అడుగుతుంది గౌరీశ్వరి, బడిలో కొత్తపిల్లను అడిగినట్టు.

“ఇవాళ్టికి స్వాతి.”

“మీ ఆఫీసు ఎక్కడండీ?”

“మీ ఇంట్లోనే కదండీ.”

అది నిజమే. గౌరీశ్వరి పొయ్యి మీది పప్పు ఒకసారి కలుపుతుంది.

అవతల ఆటో ఆగిన చప్పుడవుతుంది. గుమ్మం ఉండాల్సిన చోట సన్యాసిరావు అరచేత్తో గోడ తడుముతాడు.

“ఏటే, గుమ్మం ఏదీ?”

“డిపాజిట్టుకి ఇచ్చానండి. ఉద్యోగం వచ్చింది.”



“ఉజ్జోగం ఇచ్చీవోడు జీతం ఇత్తాడు గాని గుమ్మం అడుగుతాడేటే?”

గౌరీశ్వరి చేతిలోని ఫోను వంక చూసుకుంటుంది. చాక్‌పీసు పట్టిన చేత్తో ఎందరు పిల్లలకో ‘ముందు ప్రశ్న చదవండి’ అని చెప్పిన మనిషి, తను ఒక్క అక్షరమూ చదవకుండా నొక్కింది.

“నావి నాకిచ్చెయ్యండి.”

“ఇంకొక్కటి ఇస్తే అన్నీ కలిపి ఇచ్చేస్తాం. ఆ గోడవతలి గొంతు ఇవ్వండి, చాలు.”

“అది ఇవ్వను.”

“సరే అయితే,” అంటుంది స్వాతి, ఏమాత్రం కోపం లేకుండా. “డ్యూటీలో చేరండి.”

ఆమె చూస్తుండగానే వంటిల్లు అగ్గిపెట్టె అరలా ఆఫీసులోకి జరిగిపోతుంది. సన్యాసిరావు గొంతు సన్నబడి, గోడలో చీమ నడిచినంత అవుతుంది.

లోపల పొడుగాటి హాలు. వరసగా బల్లలు, బల్లకో ఫోను. కూర్చున్నవాళ్ళందరి బొటనవేళ్ళూ నున్నగా ఉన్నాయి. పక్కబల్ల దగ్గరి ముసలాయన ఆమెకు కుర్చీ జరుపుతాడు.

“ఇక్కడ పనేంటండీ?”

“ఫోను చేసినవాళ్ళని ఇక్కడికి పిలవడమేనమ్మా. ఒకర్ని పిలిస్తే మనదొకటి వెనక్కిస్తారు.”

ఆమె ఫోను మోగుతుంది. స్వాతి వచ్చి మడతపెట్టిన కిటికీని బల్ల మీద ఉంచుతుంది. మడతల్లోంచి ఎండ కారుతుంటుంది.

“మేడమ్, పలాస నుంచి హేమసుందరినండి. నాకు ఉజ్జోగం వచ్చినాదని మెసేజి పెట్టినారు. జీడిపిక్కలు కొట్టి కొట్టి సేతులు నల్లబడిపోనాయండి. ఏటి ఇమ్మంటే అది ఇచ్చెత్తాను.”

గౌరీశ్వరి ఎండ మీద చెయ్యి పెడుతుంది. వెచ్చగా ఉంది.

“ఎవరికైనా చెప్పావా అమ్మా?”

“లేదండి. సెప్పొద్దన్నారు కదండి.”

“అయితే ముందు మీ అమ్మకి చెప్పు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు నిన్ను ప్రశ్నలు అడుగుతారు గాని నీ దగ్గరున్నది అడగరు. ఇక్కడ ఉద్యోగం లేదు. ఫోను పెట్టెయ్.”

అటువైపు పిక్కలు పగిలే చప్పుడు ఆగిపోతుంది.

“మరి మీరో మేడమ్?”

“నేను డ్యూటీలో ఉన్నానమ్మా.”

ఫోను తెగుతుంది. స్వాతి కిటికీని తీసుకుని వెళ్ళిపోతుంది. బల్ల మీద ఎండ ఉన్నచోట తడి మిగులుతుంది.

ముసలాయన చాలాసేపు మోగుతున్న తన ఫోను వంక చూస్తాడు. తర్వాత ఎత్తి, “ఉద్యోగం లేదు నాయనా,” అంటాడు. ఆయన వెనక బల్ల నుంచీ అదే మాట. ఆ వెనక నుంచీ.

అప్పుడు ఆఫీసు గేదెలా లేచి నిలబడుతుంది. తొందరేమీ లేకుండా నడుచుకుంటూ శారదానదిలోకి దిగి, ముందుకాళ్ళు మడిచి, తర్వాత వెనకకాళ్ళు మడిచి, మెడదాకా నీళ్ళలో కూర్చుంటుంది. నెమరు మొదలుపెడుతుంది. గోడలు కుడికీ ఎడమకీ నిదానంగా కదులుతుంటే, లోపలివాళ్ళు ఒరిగిపోకుండా బల్లలు పట్టుకుని, మోగిన ప్రతి ఫోనూ ఎత్తి లేదు లేదు అంటుంటారు. పైకప్పు మీద ఒక కొంగ వాలి, జోరీగలు ఏరుకుంటూ అటూ ఇటూ నడుస్తుంది.