మూత తీయకముందు

లెనర్డ్ ఆసుపత్రికి సర్దిన సంచిలో రెండు జతల మేజోళ్ల మధ్య సానకడ్డీ పెట్టాడు. డోలొరెస్ దాన్ని తీసి మంచం మీద పడేసింది. అతను మళ్ళీ పెట్టాడు, ఈసారి పైజామా కింద.

"అక్కడి డాక్టర్ల కత్తులకి పదును పెడతావా?" అంది.

"చేతికి అలవాటు. ఊరికే పట్టుకుంటాను."

"పట్టుకోడానికి నేను వస్తున్నాగా."

మర్నాడు పొద్దున్నే మిల్వాకీ ప్రయాణం. సోమవారం అక్కడ లెనర్డ్‌కి గుండె ఆపరేషన్. డోలొరెస్ శనివారం మధ్యాహ్నానికే సంచి సర్దేసింది. సర్దాక మూడుసార్లు తెరిచి చూసుకుని, ఇంట్లో ఉంటే మరిచిపోతామని కారు వెనక సీట్లో పెట్టించింది.

లెనర్డ్ వోయ్టెక్‌కి అరవై మూడేళ్లు. సరస్సు ఒడ్డున ఉన్న సప్పర్ క్లబ్ అనే భోజనశాలలో ఇరవై ఏడేళ్లుగా ప్రైమ్ రిబ్ కోస్తున్నాడు. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి దిగింది. చూపుడువేలి మొదట్లో గట్టి కాయ. తళతళలాడే బండి మీద గుమ్మటం లాంటి వెండి మూత, దాని కింద ఉప్పుతో పెచ్చు కట్టేలా కాల్చిన పక్కటెముకల మాంసం. ఆ బండిని బల్ల దగ్గరికి తోసుకెళ్ళి, మూత తీసి, అడిగిన మందంలో కోసి పెట్టాలి. అంతా నిలబడే చెయ్యాలి. అందుకే ఊళ్ళో సగంమంది అతనికి పాపిటల్ని బట్టీ బట్టతలల్ని బట్టీ గుర్తు.

అతనికి చాలాకాలంగా ఒక సందేహం ఉంది. బండి దగ్గరికి రాగానే, మూత ఇంకా తీయకముందే, జనం నవ్వుతారు. దారిపొడుగునా పోట్లాడుకుంటూ వచ్చిన మొగుడూ పెళ్ళాలు కూడా నవ్వుతారు. మాంసం కనపడదు కదా, మరి దేన్ని చూసి? తననా? అద్దంలో చూసుకుంటే అంత నవ్వొచ్చే మొహమేమీ కాదు. అడగడానికి సిగ్గు. ఇప్పుడు సోమవారం దగ్గరపడేసరికి, అది తెలియకుండానే పోతానేమో అన్న గుబులు పట్టుకుంది. అందుకే యజమానిని ఒకే ఒక్కటి అడిగాడు. ఈ ఒక్క శనివారం కూర్చుని తింటానన్నాడు.

అయిదింటికి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. బయట సరస్సు గడ్డకట్టే ఉంది. చేపలు పట్టేవాళ్ళు మంచు మీద వేసుకున్న గుడిసెల్ని ఒడ్డుకి లాక్కుంటున్నారు. కుర్చీ అనుకున్నదానికన్నా ఎత్తు తక్కువగా ఉంది. బల్ల అడుగున ఎన్నేళ్లవో చూయింగ్ గమ్ ముద్దలు అతని వేళ్ళకి తగిలాయి.

"తడిమింది చాలు. చేతులు పైన పెట్టు," అంది డోలొరెస్.

బండి వచ్చింది. తోస్తున్నది మార్లీన్. ఇరవై ఏళ్ళు సలాడ్లు అందించిన మనిషి, కత్తి పట్టడం ఇవాళే. లెనర్డ్ ఆమెను చూడలేదు. మూతను చూశాడు.

మూతలో తను ఉన్నాడు, ముక్కు బంగాళాదుంపంత. డోలొరెస్ తల గుమ్మడికాయంత. వాళ్ళ వెనక ఎర్రదీపం, కిటికీ, వంగిపోయిన సరస్సు. బల్లకి ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ కూర్చున్నారు కదా, మూతలో మాత్రం చెంపకి చెంప ఆనించుకుని ఉన్నారు. రోజూ వంటింట్లో ఆ మూతని తనే తోమేవాడు. అక్కడ ఒక్క తన మొహమే కనపడేది.

తనకి తెలియకుండానే నవ్వాడు.

"ఎందుకా నవ్వు? నా టోపీ వంకరగా ఉందా?" అంది మార్లీన్.

"నువ్వూ ఒకసారి కూర్చో. తెలుస్తుంది."

"సరే, ఏ ముక్క కావాలి?"

లెనర్డ్‌కి ఊరందరి ముక్కలూ తెలుసు. తను తిన్నది కోతపలక మీద మిగిలిన తునకలే.

"అంచు ముక్క ఇవ్వమ్మా అతనికి," అన్నాడు పక్క బల్ల దగ్గరి హాగెన్. పాత పోస్ట్‌మన్. పెచ్చు ఎక్కువుండే ఆ అంచు ముక్క శనివారం ఆయనదే. "ఇవాళ్టికే సుమా. వచ్చేవారం మళ్ళీ నాదే."

మార్లీన్ కత్తి పెట్టింది. అంచు చిరిగినట్టు తెగింది. లెనర్డ్ లేచి, కోటు కూడా వేసుకోకుండా కారు దగ్గరికి వెళ్ళి సానకడ్డీ తెచ్చాడు. కత్తిని దాని మీద నాలుగుసార్లు దూసి, కడ్డీని బండి పక్కనున్న కొక్కేనికి తగిలించాడు.

"వచ్చే శనివారం తీసుకుంటా."

"నా సంచంతా కెలికావు కదూ," అంది డోలొరెస్.

ముక్క పల్చగా, తిన్నగా తెగింది. లెనర్డ్ నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

"ఏమైంది?" అంటూ డోలొరెస్ ఫోర్కు కింద పెట్టేసింది.

"వేడిగా ఉంది," అన్నాడు. "ఇంత వేడిగా ఉంటుందని నాకు తెలీదు."

కారెక్కాక అన్నాడు, "ఇన్నేళ్ళూ వాళ్ళు నవ్వింది నన్ను చూసి కాదు, డోలీ."

"నిన్ను చూసి నవ్వేదాన్ని నేనొక్కదాన్నే," అంటూ ఆమె వెనక్కి తిరిగి సంచిని ఇంకోసారి సర్దింది.

ఆ సంచి బుధవారం డోలొరెస్ చేతిలో తిరిగొచ్చింది. సానకడ్డీ ఇప్పటికీ ఆ కొక్కేనికే ఉంది. లెనర్డ్ వోయ్టెక్ తిరిగి రాలేదు. అతను పోయింది 1987 మార్చి తొమ్మిది, సోమవారం.